మూడో పట్టు

గొంతు మీద కత్తి ఉన్నప్పుడు ఎవడూ కాదనలేడు. ఆ సంగతి సెలూన్ గంగరాజుకి బాగా తెలుసు. అందుకే దాలయ్య గడ్డానికి సబ్బు పట్టించి, కత్తి ఆనించాకే కుస్తీ కథ ఎత్తుకుంటాడు.

ఆ రోజు కోటబొమ్మాళి సంత. సెలూన్ బల్ల మీద నలుగురు కూర్చున్నారు. ముగ్గురు ఈ కథ పాతికసార్లు విన్నవాళ్ళే. నాలుగోవాడు కొత్తమనిషి. ఉప్పునీళ్ళకి పాదాలు పగిలి ఉన్నాయి. నౌపడ ఉప్పుమళ్ళలో పని చేస్తాడట, సంతకొచ్చాడట.

“అరవై ఒకటిలో మనూరికి ఫ్రీస్టైల్ కుస్తీల డేరా వచ్చినాది. అందులో నల్లముసుగోడని ఒకడు. ఏడడుగుల మనిషి!” అన్నాడు గంగరాజు.

పోయిన నెల ఆరున్నర అడుగులే చెప్పాడు.

“టెక్కల్లో ముగ్గుర్ని, నరసన్నపేటలో ఇద్దర్ని మంచం ఎక్కించి మరీ వచ్చినాడు. ఇక్కడ మేనేజరు మైకులో, ఈ ఊళ్ళో మొగోడు లేడా అన్నాడు. అప్పుడు లెగిసినాడు మా దాలయ్య మావ! మిల్లులో బస్తాలు మోసే కళాసీ! రెండు పట్టుల దాకా ఆ ముసుగోడిదే పైచెయ్యి. మూడో పట్టులో మా మావ ఆణ్ణి బస్తా ఎత్తినట్టు ఎత్తి... ధబ్!”

ధబ్ అన్నప్పుడు కత్తి గాల్లోకి లేస్తుంది. దాలయ్య ఊపిరి పీల్చుకునేది అప్పుడే.

అద్దంలో తన మొహం తనే చూసుకోలేక కళ్ళు మూసుకున్నాడు. ఏడేళ్ళుగా ఇదే వరస. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతిలో కూర్చోబెడతారు. టీకొట్లో చోటిచ్చి లేస్తారు. భార్య గున్నమ్మకి నూతి దగ్గర అందరికన్నా ముందు తోడుకునే మర్యాద. ఈ మర్యాద వెనకున్న అసలు సంగతి ఒక్క దాలయ్యకే తెలుసు.

ఆ కుస్తీ రోజు, ఆటకి ముందు డేరా మేనేజరు మిల్లు వెనక్కి వచ్చి అతన్ని పక్కకి పిలిచాడు.

“ఊరి మనిషి గోదాలోకి దిగితేనే జనానికి సరదా. నువ్వేం భయపడకు. మూడో పట్టులో మావాడే పడిపోతాడు. ఎవరికీ చెప్పనని మీ అమ్మ మీద ఒట్టెయ్యి” అన్నాడు.

దాలయ్య ఒట్టేశాడు. అదీ ఆ గెలుపు.

వాళ్ళ నటనకి మాత్రం అతనికి ఇప్పటికీ ఆశ్చర్యమే. ముసుగువాడు పడుతూ పడుతూ అతని ముంజేతిని రక్తం వచ్చేలా గీరేశాడు. మేనేజరైతే మొహం మాడ్చుకుని, దండైనా వెయ్యకుండా డేరాలోకి పోయాడు.

దాలయ్య మళ్ళీ గోదా మొహం చూడలేదు. విజయనగరం వస్తాదులు పోటీలకి రమ్మని రెండుసార్లు కబురు పెట్టారు. నడుం నొప్పని చెప్పి పంపేశాడు. అసలైన కుస్తీకి దిగితే తన బండారం బయటపడుతుందని భయం. భయం కన్నా సిగ్గు ఎక్కువ. ఎవడైనా భుజం తట్టి మెచ్చుకుంటే ఆ రోజు అన్నం సహించదు.

గడ్డం సగమయ్యేసరికి చినబాబు వచ్చాడు. ఊళ్ళో కుస్తీ పిచ్చోళ్ళందరికీ పెద్ద అతనే.

“మావా, ఆదివారం కుస్తీ తాలింఖానా తెరుస్తన్నాం. గురువువి నువ్వే. బోర్డు మీద నీ పేరు రాయించేసినాం.”

“నాకొద్దురా.”

“నువ్వు కాకపోతే ఇంకెవుడు మావా?”

బల్ల మీదవాళ్ళూ వంత పాడారు. కొత్తమనిషి మాత్రం దాలయ్య ముంజేతి మీద మచ్చనే చూస్తున్నాడు.

పటిక కూడా రాయించుకోకుండా దాలయ్య బయటపడ్డాడు. కొత్తమనిషి వెనకే వచ్చి, బెల్లం బళ్ళ చాటున అతన్ని ఆపాడు.

“గురుతుపట్టలేదా తమ్ముడూ? ఎలాగ పడతావులే, నాకప్పుడు ముసుగుండేది గదా. నా పేరు ఎర్రన్న. మాది గజపతినగరం దగ్గర.”

దాలయ్య పక్కనున్న బండి చక్రం పట్టుకున్నాడు. సెలూన్‌లో గంగరాజు గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.

“అన్నా, నీకు దండం పెడతాను, ఆళ్ళకి సెప్పకు” అన్నాడు. అంతలోనే తల అడ్డంగా ఊపాడు. “కాదు, సెప్పేయ్. నాను ఒట్టేసినాను, సెప్పలేను. నువ్వే సెప్పి ఆ బోర్డు మీద నా పేరు తుడిపించు. దొంగ గెలుపు గెలిసి, ఏడేళ్ళు ఊరందరి కళ్ళల్లో దుమ్ము కొట్టినాను. సిగ్గుతో సచ్చిపోతన్నాను. నాను గురువునేటి, ఒకడికి నేర్పడమేటి?”

“దొంగ గెలుపేటి?” అన్నాడు ఎర్రన్న.

“నువ్వు కావాలని పడ్డావు గదా.”

ఎర్రన్న అతన్ని ఎగాదిగా చూశాడు. కుడిచెయ్యి పైకెత్తబోయాడు. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

“ఆ రోజు కాణ్ణుంచి ఇంతకన్నా లెగదు” అన్నాడు.

దాలయ్య తల మరింత వాలిపోయింది. తనకి తానుగా పడతానన్న మనిషిని అంత గట్టిగా విసిరికొట్టాడా తను?

“తప్పయిపోనాది అన్నా” అని చేతులు పట్టుకున్నాడు.

“మేనేజరు నీకేటి సెప్పినాడో నాకు తెల్దు గానీ తమ్ముడూ, నన్ను మాత్రం మూడో పట్టులో నీ నడుం ఇరగ్గొట్టమన్నాడు.”