ఆవు అరిగించుకుంటుంది

డెయిరీ యజమాని బూజు పట్టిన వేరుశనగ చెక్కను చేత్తో చిదిమి ఆవు ముందు పోశాడు. పశువుల డాక్టరు చూస్తుండగానే పోశాడు. భయమూ లేదు, సిగ్గూ లేదు.

"అది పారెయ్యండి. ఆ బూజులో విషం ఉంటుంది," అన్నాడు డాక్టరు.

"ఆవు పొట్టండీ అది! రాళ్లు వేసినా అరిగించుకుంటుంది."

"కొంతే. దాని కడుపులో ఉండే సూక్ష్మజీవులు కొంత విషాన్ని విరిచేస్తాయి. మిగిలినదాన్ని లివరు రూపు మార్చి బయటికి తోసేస్తుంది. పాలలోకి కూడా తోస్తుంది. ఆవు బాగానే కనిపిస్తుంది, ముప్పు తాగేవాళ్లకి. చిన్నపిల్లలకైతే మరీను."

యజమాని పకపకా నవ్వాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. నాలుగో కాలు పట్టి చూపించినా, అది తోకంటాడు.

"కోడలా! పాలు పట్రా!"

కోడలు రెండు గ్లాసులు తెచ్చింది. పెద్దది ఆయనకి. చిన్నది, ఆమె కొంగు పట్టుకుని వచ్చిన మూడేళ్ల కూతురికి.

యజమాని గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు.

"మా ఆవు పాలే. ఏడాదిగా ఇవే తాగుతున్నా. గుండ్రాయిలా లేనూ? నా మనవరాలూ ఇవే తాగుతుంది. కావాలంటే దాన్నే అడగండి."

అంతటి పెద్దమనిషికి సాక్ష్యం మూడేళ్ల పిల్ల! అది ఎవరూ అడగకముందే గ్లాసు ఖాళీ చేసి, మూతి నాక్కుంటూ నవ్వింది.

"అమ్మా, మీరైనా చెప్పండి," అని డాక్టరు కోడలి వైపు తిరిగాడు.

ఆమె తల దించుకుంది. మావగారి ముందు నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు. కన్నబిడ్డ తాగేది విషమని చెబుతున్నా ఉలకలేదు, పలకలేదు. ఇలాంటి తల్లి ఉంటే ఎంత, లేకుంటే ఎంత!

డాక్టరు ఆవు దగ్గరే కాసిన్ని పాలు సీసాలోకి పిండుకుని, పరీక్షకి పంపుతానని వెళ్లిపోయాడు.

స్కూటరు చప్పుడు దూరమయ్యాక యజమాని గేటు వేశాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నేను చెప్పినట్టే చేస్తున్నావు కదా?"

కోడలు ఖాళీ గ్లాసులు రెండూ చేతిలోకి తీసుకుంది.

"చేస్తున్నాను మావయ్యా, కాకపోతే మీరు మీకోసమని చాటుగా తెప్పించే ప్యాకెట్ పాలు మొదటి రోజు నుంచీ పాపకి పోసి, పాపకి పొయ్యమన్న ఆవు పాలు మీకు పోస్తున్నాను."