కొత్తదని ఒక్క మాట

“ఇందులో కొత్తదనం ఏముందో మీ మాటల్లో చెప్పండమ్మా” అన్నాడు కంప్యూటర్ తెర మీది పేటెంట్ ఆఫీసరు.

వినీల కుర్చీలో ముందుకు జరిగింది. ఒళ్లో ఉన్న చంటికూతురు షెకీనా అప్పుడే ఛార్జరు తీగ మీదికి చెయ్యి చాపింది. ఆమె ఆ చేతిని లాగి గుప్పిట్లో పెట్టుకుంది.

“పిల్లను నాకియ్యరాదే” అంది పక్కనున్న కవిత. షాద్‌నగర్ రబ్బరు ఫ్యాక్టరీలో ఇద్దరిదీ ఒకటే బల్ల. “మాట్లాడేటప్పుడన్న జర విడువు. తీగ ఏమన్న కరుస్తదా?”

వినీల ఇవ్వలేదు. ఇంకో చేత్తో నల్లటి రబ్బరు ముక్క ఒకటి తెరకు చూపించింది.

“సార్, స్తంభం మీది కరెంటు పెట్టెలకు కేబులు పోయేకాడ సందుంటది. వాన నీళ్లు కేబులు పట్టుకొనే లోపలికి దిగుతయి. మా దిక్కు ఆ సందుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి టేపేస్తరు. అందరు గట్లనే చేస్తరు. ఎండకు అది పగులుతది. ఈ సీలుకు లోపల రెండు పల్చటి అంచులున్నయి. నీళ్లు ఎంత ఒత్తితే ఇవి కేబులును అంత గట్టిగ పట్టుకుంటయి.”

పదో తరగతిలోనే బడి మానేసిన మనిషి ఆమె. కుక్కరు రబ్బర్లు కోసి, ఫ్యాక్టరీలో పారేసిన ముక్కలు తెచ్చి, బకెట్లో ముంచి ముంచి చూసి తయారు చేసుకుంది. పేటెంట్ల పని చూసే జయశీలన్ సార్‌ను ఫ్యాక్టరీ సూపర్‌వైజరే చూపించాడు. ఇప్పుడు కూర్చున్నది ఆయన ఆఫీసులోనే, శంషాబాద్ బస్టాండు పక్కన, మేడ మీద.

ఆ పొద్దున భర్త కరుణ్ తొండుపల్లి నుంచి బండి మీద తెచ్చి దించాడు. మెట్లు మాత్రం ఎక్కలేదు.

“నేనెందుకు? నువ్వే పో. కొత్తదేనా అని గట్టిగ అడుగు” అన్నాడు.

మెట్లెక్కుతూ కవిత ఒకటే నవ్వులు. “కంపెనీ పెడితే నన్ను మేనేజర్‌ను చెయ్యాలె, చెప్తున్న. కుర్చీల కూసోని సంతకాలు పెడ్త. అయినా మీది ఉల్టా సంసారమే. చేతిల కరెంటు పని ఉండంగ మీ ఆయన ఎయిర్‌పోర్టు కార్గోల మూటలు మోస్తుండు. నువ్వేమో కరెంటు సామాను కనిపెడుతున్నవ్!”

వినీల నవ్వలేదు. ప్రభువా, కొత్తదని ఒక్క మాట అనిపించు, అనుకుంటూ మెట్లు ఎక్కింది.

వినీల చెప్పింది విన్నాక ఆఫీసరు ముందుగా జర్మనీ వాళ్ల పాత సీలు బొమ్మ ఒకటి చూపించాడు.

“అది మర బిగిస్తే పట్టుకునేదండీ. మాది నీళ్ల ఒత్తిడికే పట్టుకుంటుంది” అన్నాడు జయశీలన్.

ఆఫీసరు ఒప్పుకున్నాడు. వినీల ఊపిరి పీల్చుకుంది.

“మరి దీని సంగతేమిటి?”

ఇంకో బొమ్మ వచ్చింది. జపాన్‌ది. ఆమె పెళ్లికి ఎంతో ముందుది. చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేకపోయింది. అవే రెండు అంచులు. అదే వంపు.

మేడ మీదుగా విమానం దిగుతూ పోయింది. ఆ మోత ఆగేదాకా ఆఫీసరు ఆగాడు.

“మీరు ఎవరిదీ చూసి చేయలేదని తెలుస్తూనే ఉందమ్మా. కాని ఇది ముందే ఒకరు చేసేశారు. కొత్తదని అనలేను.”

“కాగితం మీదనే ఉన్నదా సార్? దుకాణాలల్ల గూడ ఉన్నదా?”

“పెద్ద ఎలక్ట్రికల్ షాపుల్లో ఎప్పటి నుంచో అమ్ముతున్నారమ్మా. అడిగితే ఇస్తారు.”

అడిగితే ఇస్తారు. వినీల కళ్లు మూసుకుంది.

తెర చీకటయ్యాక జయశీలన్ ఆమె వైపు తిరిగాడు. “అధైర్యపడకమ్మా. బయటి అంచుకు ఒక చిన్న మార్పు చేద్దాం. ఆ మార్పుకు పేటెంట్ అడుగుదాం. రావచ్చు.”

“వస్తే, ఈ సీలు కొత్తదైనట్టేనా సార్?”

“మార్పు కొత్తదవుతుంది. సీలు కాదు.”

“అయితే వద్దు సార్.”

“ఏం మనిషివే!” అంది కవిత. “ఇన్ని దినాలు చేతులు కోసుకున్నది దేనికి? సార్ వస్తదంటుండు గద!”

వినీల అప్పటికే పిల్లను చంకనేసుకొని మెట్లు దిగుతోంది.

కింద కరుణ్ బండికి ఆనుకొని నిలబడ్డాడు. ఆమెను చూడగానే నిటారుగా అయ్యాడు.  ఆమె దగ్గరికి వచ్చేదాకా ఆగి అడిగాడు.

“ఏమన్నరు?”

వినీల పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

“కొత్తదేనంట. ఇంతకు ముందు లోకంల ఎక్కడ గూడ లేకుండెనంట. ఎంత పెద్ద పనోడైనా, కావాల్నన్నా దొరికేది కాదంట.”

కవిత నోరు తెరిచింది. వినీల ఆమె మణికట్టు పట్టుకొని నొక్కింది.

“ఆఫీసరే అన్నడా?”

“ఆయన నోటితోనే.”

“కాగితం?”

“వస్తదంట. టైం పడుతదంట.”

కరుణ్ ఉన్నచోటే కూలబడ్డాడు. బండి చక్రానికి తల ఆనించి, బస్టాండు జనం ఆగి చూస్తున్నా పట్టించుకోకుండా, భోరున ఏడ్చాడు.

“సంతోషానికి గింతగనం ఏడుస్తరానే మొగోళ్లు?” అంది కవిత, ఏమీ అర్థం కాక.

వినీల పెద్దకొడుకు ఆశేర్ వానలో ఆడుకుంటూ ముట్టుకొని చనిపోయిన వీధిదీపం స్తంభం పెట్టెలోకి, సైకిల్ ట్యూబు ముక్కే చుట్టి, కేబులు బిగించింది కరుణే.