అడుగు కింద అక్షరం

బడిలో టీచరుగా చేరిన మొదటి రోజే భానుమతి కంట ఒక అపచారం పడింది.

గార్డెన్ రీచ్‌కి వలస వచ్చిన రేవు కూలీల పిల్లలు చదివే తెలుగు బడి అది. వరండాలో సుద్దతో మంచమంత అక్షరం గీసి ఉంది. ఒకటో తరగతి పిల్లలు వరుసకట్టి దాని మీద నడుస్తున్నారు.

"ఇక్కడ తిరగండి! ఒత్తు కాడ గెంతండి!" అంటూ ముందు నడుస్తున్నాడు ఒక ముసలాయన.

"ఎవరయ్యా నువ్వు?"

"బైరాగినమ్మా. డాకులో మూటలు మోసీవోణ్ని. రెండు నెల్లనుంచి ఈళ్లకి టీచరు లేరని నాను సూస్తన్నాను."

"అక్షరమంటే సరస్వతి. కాళ్లతో తొక్కిస్తావా?"

బైరాగి లెంపలేసుకున్నాడు. "ఒక్కచోట కూకోలేరు తల్లీ ఈళ్లు. కాలాడితే బుర్రకెక్కుతాదని..."

"ఇది బడి. రేపట్నుంచి రావద్దు."

ఆయన తడిగుడ్డతో నేల తుడిచి వెళ్లిపోయాడు.

భానుమతి పిల్లల్ని బాసింపట్టు వేయించి కూర్చోబెట్టింది. నెల తిరిగేసరికి సగం మంది పలకల మీదే కునుకుతున్నారు. ఆరుగురు రావడమే మానేశారు.

ఒకనాడు తవిటమ్మ అనే పిల్ల 'ఝ' దగ్గర ఆగిపోయింది. బెత్తం చూసి బిక్కమొహం వేసింది.

"దిదిమొణి," అని టీచరమ్మని బెంగాలీలో పిలిచింది, "ఒక్కసారి నడిసొస్తాను."

వరండాలోకి వెళ్లి, ఉత్త నేల మీద కళ్లు మూసుకుని నడిచింది. వంగింది, తిరిగింది, గెంతింది. వచ్చి తప్పు లేకుండా రాసింది.

భానుమతి బెత్తం పక్కన పెట్టేసింది.

ఆ సాయంత్రమే బైరాగి ఉండే ఏక్‌బాల్‌పూర్‌కి బస్సెక్కింది. ఆయన్ని బతిమాలి తీసుకురావాలి. ఆయన దగ్గర తనూ నేర్చుకోవాలి.

తలుపు తీసిన ఆయన భార్య కాసులమ్మ నుదుట బొట్టు లేదు.

"జొరమొచ్చి పోయినాడమ్మా. పదమూడు రోజులైనాది."

భానుమతి తను బడిలో కొత్త టీచర్నని చెప్పుకుంది. "అంత చదువు చెప్పగల మనిషని నాకు తెలియలేదమ్మా."

"సదువా?" కాసులమ్మ తెల్లబోయింది. "ఆయనది ఏలిముద్రే తల్లీ! బళ్లో పెద్దమేష్టారు సాయంత్రం ఒక అచ్చరం గీసిచ్చీవోరు. ఈ వాకిట్లో దాని మీద నడిసి నడిసి నేర్సుకొని, తెల్లారి పిల్లలకి సెప్పీవోడు. తమరు రావద్దన్న రోజుకి 'భ' కాడికొచ్చినాడు. కొత్త టీచరమ్మొస్తే మిగిలినవి ఆయమ్మ కాడ నేర్సుకుంటానని సంబరపడ్డాడు."

భానుమతి వెళ్లగొట్టింది తన తరగతిలో అందరికంటే పెద్ద పిల్లవాణ్ణి.