దుప్పి దొర రవ్వంత వేగం

చెరువు మలుపులో ఎవరైనా నడిచే వెళ్ళాలన్నది అడవి కట్టుబాటు. ఆ ఉదయం కౌజుపిట్ట కోటమ్మ ఆ మలుపు దగ్గర కాపు కాస్తోంది. పిల్లలు మొదటిసారి బాట దాటుతున్నారు! అంతలో దుప్పి దొర చకచకా వచ్చాడు.

“నెమ్మది, దొరా! పిల్లలున్నారు!”

“పరుగెత్తానా ఏమిటి? నడక కంటే రవ్వంత ఎక్కువ, అంతే. మగాడి కాళ్ళు ఆగుతాయా, పిట్టమ్మా? నీ పిల్లల్ని నువ్వే అదుపులో పెట్టుకో!”

అంటూనే మలుపు తిరిగాడు. ఎదురుగా చివరి పిల్ల! కాళ్ళు బిగబట్టి, జర్రున జారి ఆగాడు. గిట్ట కింద పిల్ల ఈక ఒకటి నలిగింది.

కోటమ్మ రివ్వున వచ్చి పిల్లను రెక్క కిందికి లాక్కుంది.

“నీ రవ్వంతలోనే నా పిల్ల ప్రాణముంది, దొరా!”

దుప్పి గిట్ట వెనక్కి తీసుకున్నాడు. కోటమ్మ పిల్లల వైపు తిరిగింది.

“నింపాదిగా దాటండర్రా! మగాళ్ళ కాళ్ళూ ఆగుతాయి, ఇప్పుడే చూశాం!”