కాపలా కుర్చీ

"ఏమే, ఆరో మనిషి కూడా వెళ్లింది!" వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీంచి కేక వేశాడాయన. "మెడికల్ షాపు వాళ్ల కోడలు. పట్టపగలు, సిగ్గూ ఎగ్గూ లేకుండా మన గుమ్మం ముందునుంచే పోయింది!"

పార్లర్‌గా మార్చుకున్న ముందు గదిలో, తెర వెనక అద్దం తుడుస్తున్న భార్య చెయ్యి ఆగిపోయింది. పొద్దున్నుంచి ఆ అద్దాన్ని తుడవడం అది నాలుగోసారి. అందులో తన మొహం తప్ప మరో మొహం కనబడి మూడు రోజులైంది.

నాలుగిళ్ల అవతల, ఎదురు వరసలో, పాతికేళ్ల పిల్ల ఒకతి తనూ ఇంట్లోనే బ్యూటీ పార్లర్ తెరిచింది. అంతే, ఈ గుమ్మానికి బూజు పట్టింది. ఆయన ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ ఇంట్లో పొయ్యి వెలిగేది కనుబొమలు దిద్దే దారప్పోగు మీదే. అది తెగిందా, తిండీ తెగినట్టే.

"రేట్లు సగానికి తగ్గించాం గదండీ, ఇంకా ఎందుకు పోతున్నారు?"

"పొరుగింటి పుల్లకూర రుచి మరి! నువ్వేం కంగారు పడకు. కాపలాకి నేనున్నాగా. ఒక్కర్తి కూడా నా కళ్లు దాటి పోలేదు."

చెప్పొద్దూ, పని పోయిన రోజునుంచి గోడవైపు తిరిగి పడుకుని నోట మాట పెగలని మనిషి, ఈ పోటీ పుణ్యమా అని లేచి కూర్చున్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, డ్యూటీకి వెళ్లినట్టు తొమ్మిదింటికల్లా కుర్చీ ఎక్కుతాడు. మధ్యాహ్నం అన్నం కంచం కూడా అక్కడికే.

ఇంకో అరగంట గుమ్మంవైపు చూసి, ఆవిడ గుడ్డ విసిరికొట్టి చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికే?"

"దాని సంగతేదో తేల్చుకొస్తాను."

ఆ పిల్ల గది ఈ గదికంటే చిన్నది. ఒకటే కుర్చీ, కిటికీకి చాలీచాలని తెర. బల్ల మీద వరసగా కూర్చున్నవాళ్లంతా మొన్నటిదాకా ఈవిడ దగ్గరికి వచ్చినవాళ్లే. ఈవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే నవ్వులు టక్కున ఆగిపోయాయి. టీచరమ్మ ఫోన్లోకి తల దూర్చింది. మొహం నిండా పూత పూయించుకున్న మెడికల్ షాపు కోడలు, ఇదే అదనని కళ్లు గట్టిగా మూసేసుకుంది.

"ఏం మందు పెట్టావే వీళ్లందరికీ? ఊరికే చేస్తున్నావా ఏమిటి?"

ఆ పిల్ల పళ్ల మధ్య దారం తీసేసి లేచింది. "కూర్చోండక్కా. మంచినీళ్లు తెస్తాను."

"నీ నీళ్ల కోసం రాలేదు. నా నోటికాడ కూడు లాక్కుంటున్నావు, కడుపు ఎలా నిండుతోందో అడిగిపోదామని వచ్చా!"

"అక్కా, నేను మీకంటే ఎక్కువే తీసుకుంటున్నా. నా చెయ్యి మీ చెయ్యంత తేలికా కాదు. కావాలంటే వాళ్లనే అడగండి."

టీచరమ్మ ఫోన్ పక్కన పెట్టింది. "నిజమేనమ్మా. ఈ పిల్ల దారం లాగితే కళ్లమ్మట నీళ్లొస్తాయి. అయినా ఇక్కడికే వస్తున్నాం."

"మరెందుకు?"

"వద్దులెండి టీచర్‌గారూ," అంది ఆ పిల్ల మెల్లగా. "పెద్దాయన. వదిలెయ్యండి."

"ఎన్నాళ్లు దాస్తాం? పై పెదవి మీద నూగు తీయించుకుందామని కొంగు కప్పుకుని మీ ఇంటికొస్తే, మీవారు వరండాలోంచి ఏమని కేకేశారు? 'ఏమే, టీచరమ్మ మీసాలు తీయించుకోవడానికి వచ్చింది' అని! రోడ్డు మీద నా క్లాసు పిల్లలున్నారు. మర్నాడు బోర్డు మీద నా బొమ్మ గీసి మీసాలు పెట్టారు."

పూత కింద కోడలు పెదవులు కదిలాయి. "నన్నేమో 'తలకి రంగేశాక పదేళ్లు తగ్గావమ్మా' అన్నారు, మా అత్తగారి ముందు. నాకు తెల్లవెంట్రుకలున్న సంగతి ఆవిడకి అప్పటిదాకా తెలీదు." మాట పూర్తయ్యేసరికి పూత బీటలు వారింది.

"ఆయన చెడ్డవాడని కాదు," అంది టీచరమ్మ. "ఆ కుర్చీ దాటి ఆడవాళ్లు ఎలా వస్తారు చెప్పు?"

మీసాల కేక ఆవిడా విన్నదే. ఇన్నాళ్లకి ఆయన గొంతు లేచిందని, ఆ రోజు తెర వెనక మురిసిపోయింది కూడా.

ఆ పిల్ల గేటుదాకా వచ్చింది. "ఏమనుకోకండక్కా. పగటిపూట ఆయన్ని లోపల గదిలో ఉండమనండి, చాలు. వీళ్లకి నేనే చెప్పి మీ దగ్గరికి పంపిస్తాను. చేతనైన పనిమంతులు మీరు."

నాలుగిళ్ల దూరం నలభై ఇళ్లంత అయింది. ఆయన అప్పటికే కుర్చీలోంచి లేచి మెట్ల మీద నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"కడిగేశావా దాన్ని? నువ్వు వెళ్లాక ఇంకొకర్తి వచ్చిందే! సందులోంచి దూరబోయింది, నేను పట్టేశాగా!"

'ఇక లోపల కూర్చోండి' అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. తలుపులోంచి లోపలి గదిలో మంచమూ, దాని పక్కన గోడా కనబడ్డాయి. ఆ మాట మింగేసింది.

వెనక్కి తిరిగి చూసింది. ఆ పిల్ల ఇంకా గేటు దగ్గరే ఉంది. ధైర్యం చెబుతున్నట్టు చెయ్యి ఊపింది.

ఆవిడ చెయ్యి ఊపలేదు. మొగుడి చొక్కా కాలరు సరిచేసింది.

"ఇక్కణ్ణుంచి మెడ సాచి చూడలేక చస్తున్నారు," అంది నేలచూపులు చూస్తూ. "రేపట్నించి కుర్చీ ఆ పిల్ల గేటుకి ఎదురుగా వేసుకోండి. వచ్చినవాళ్లందర్నీ పేరుపేరునా పలకరించండి."