చిట్టెమ్మగారి చోటు

కంప్యూటర్‌లో పేజీ మీద పెట్టిన ఫొటోలు నచ్చిన చోటికి తామే జరగడం మొదలయ్యాక, వంశచరిత్రలు కూర్చే హైమకి పని తగ్గకపోగా రెట్టింపయింది. మనుషులు బతికుండగా ఎలా మెలిగారో ఫొటోలూ అలాగే మెలిగేవి. మేనమామలు మొదటి పేజీ వదిలేవారు కాదు. కొందరు తోడికోడళ్లు ఒకే పేజీలో నిలిచేవారు కాదు.

ఆ రోజు భీమవరం నుంచి వచ్చిన మంగతాయారు ఎదురుగా కూర్చుని ఉంది. సాయంత్రానికి ఆమె పుస్తకం అచ్చుకి వెళ్లాలి. ఆమె తల్లి చిట్టెమ్మ ఫొటోని హైమ ఆనవాయితీ ప్రకారం భర్తకి ఎడమపక్కన పెట్టింది. చిట్టెమ్మ జరిగిపోయింది. మళ్లీ పెడితే, అక్షరాలను తోసుకుంటూ మళ్లీ జరిగింది.

"మా నాన్న మీద అమ్మకి ఇంకా కోపం పోలేదేమోనమ్మా," అంది మంగతాయారు. "ఒకసారి చెప్పకుండా నాటకాలోళ్లతో ఆర్నెల్లు వెళ్లిపోయాడు."

"ఈసారి ఆపనండీ. ఎటెళ్తారో చూద్దాం," అంది హైమ.

చిట్టెమ్మ పేజీ దాటలేదు. భర్త వెనకనుంచి తిరిగొచ్చి, ఆయన కుడిపక్కన కుదురుగా కూర్చుంది.

మంగతాయారు నుదురు కొట్టుకుని పకపకా నవ్వింది. "నా మతిమండా! అమ్మకి కుడిచెవి వినపడదు కదా! పూజ పీటల మీద కూడా పంతులుగారితో పోట్లాడి ఆ పక్కనే కూర్చునేది."

తెర మీద ఆయన, భార్య ఎడమచెవి దగ్గరికి వంగి ఏదో చెప్పాడు. చిట్టెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"సౌండు పెంచనా అండీ? ఏమన్నారో ఫొటో కింద రాద్దాం."

"వద్దులేమ్మా. మనకి చెప్పాలనుకుంటే గట్టిగానే చెప్పేవాడు."