పందికొక్కు చెప్పిన పొదుపు

సంత ముగిసి బళ్ళు వెళ్ళిపోయాక నేలమీద మిగిలిన గింజలే బుల్లెమ్మ అనే చిట్టెలుకకు వారం రోజుల తిండి. ఈసారి దొరికింది గుప్పెడు జొన్నలు. వాటిని రోజుకొకటి చొప్పున ఏడు కుప్పలు పోసుకుంటూ ఉండగా, షావుకారు గాదెలో కాపురముండే పందికొక్కు బాబాయి దిగబడ్డాడు. ఇంటికొచ్చినవాళ్ళకి ఏదో ఒకటి పెట్టకపోతే ఎలా? సోమవారం కుప్ప పెట్టింది.

"ఒక్కదానివి, నీకింత తిండెందుకే? అన్నీ సగానికి తగ్గించుకోవాలి," అంటూ బాబాయి మంగళవారం కుప్ప కూడా నోట్లో వేసుకున్నాడు. పస్తులుండేదానికి పొదుపు నేర్పుతాడట, గాదెలో పొర్లేవాడు! పాఠం అయ్యేసరికి ఏడు కుప్పలూ ఖాళీ.

"చూశావా, ముందుచూపు లేకపోతే ఇంతే!" అని మూతి తుడుచుకుని వెళ్ళాడు. ఆ వారమంతా బుల్లెమ్మ గడ్డివేళ్ళు కొరుక్కుంటూ పళ్ళు నూరింది.

మళ్ళీ సంత అయింది. బాబాయి వచ్చి కన్నంలో తల దూర్చాడు. తల పట్టింది గానీ పొట్ట పట్టలేదు.

"ఏమిటే, గుమ్మం ఇంత ఇరుకు చేశావ్?"

"నువ్వు చెప్పిందే బాబాయ్," అంది బుల్లెమ్మ లోపల నింపాదిగా నములుతూ. "అన్నీ సగానికి తగ్గించుకోమన్నావుగా. గుమ్మంతో మొదలుపెట్టాను."